కుర్చీ మనదే, మరి ఫైలు ఎవరిది? మంత్రివర్గాల్లో మన గిరిజనుల చరిత్ర



కొత్త ప్రభుత్వం వచ్చిన ప్రతిసారీ మన హాస్టళ్ళలో, మన వాట్సాప్ గ్రూపుల్లో మొదట వచ్చే ప్రశ్న ఒకటే. "మనోళ్ళకి మంత్రి పదవి వచ్చిందా?" వస్తే ఫ్లెక్సీలు కడతాం, డప్పులు కొడతాం, ఫొటోలు స్టేటస్ పెడతాం. రాకపోతే నాలుగు రోజులు తిట్టుకుంటాం. ఐదో రోజు మర్చిపోతాం. అసలు మంత్రివర్గంలో మన కుర్చీ ఎక్కడ్నుంచి వచ్చింది, అది హక్కా లేక ఎవరి దయా, ఆ కుర్చీలో కూర్చున్న మనిషి చేతికి ఏ ఫైలు వస్తుంది, ఏది రాదు అనేవి మాత్రం ఎవరమూ గట్టిగా మాట్లాడుకోం. అందుకే ఈ పోస్టు. కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నవాళ్ళకి పాలిటీ సబ్జెక్టులో కూడా పనికొస్తుంది.

1. మంత్రుల మాట మన కొండెక్కని కాలం

ముందు పాత సంగతి. బ్రిటిష్ వాళ్ళు 1839లోనే గంజాం, విశాఖపట్నం ఏజెన్సీలకి వేరే చట్టం చేశారు. మైదానంలో నడిచే మామూలు కోర్టులు, మామూలు రూల్స్ ఇక్కడ నడవవు. జిల్లా కలెక్టరే గవర్నర్ తరఫున ఏజెంట్. మనం ఈరోజుకీ వాడే "ఏజెన్సీ" అనే మాట ఆ ఏజెంట్ నుంచి వచ్చిందే. 1874లో షెడ్యూల్డ్ జిల్లాల చట్టం వచ్చింది. 1917లో ఏజెన్సీ భూములు బయటివాళ్ళకి పోకుండా మద్రాసు ప్రభుత్వం ఒక చట్టం చేసింది.

1935 భారత ప్రభుత్వ చట్టంతో రాష్ట్రాల్లో ఎన్నికైన మంత్రివర్గాల అధికారం పెరిగింది. కానీ విశాఖ ఏజెన్సీ, తూర్పు గోదావరి ఏజెన్సీ "పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు" అయ్యాయి. అంటే మద్రాసులో శాసనసభ చట్టం చేసినా గవర్నర్ సరే అంటేనే అది మన కొండల్లో అమలవుతుంది. ఇందులో రెండు కోణాలున్నాయి. మైదానం షావుకార్లు, భూస్వాములు రాజకీయంగా బలపడి చట్టాల పేరుతో మనల్ని మింగకుండా ఒక అడ్డుగోడ ఉండటం మంచిదే. కానీ ఆ గోడ లోపల నిర్ణయం తీసుకునేది కూడా మనం కాదు. గవర్నరూ బయటివాడే, ఏజెంటూ బయటివాడే.

నిజాం రాజ్యంలో కథ ఇంకోలా నడిచింది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం వీరమరణం తర్వాత గానీ నిజాం ప్రభుత్వానికి గోండుల భూమి సమస్య కనపడలేదు. హైమన్‌డార్ఫ్‌ని పిలిపించి అధ్యయనం చేయించారు. తర్వాత ఆయన్నే సలహాదారుగా పెట్టుకున్నారు. పట్టాలు, గోండి బడులు కొంతవరకు అప్పుడే మొదలయ్యాయి. అక్కడా ప్రాణం పెట్టింది మనవాళ్ళు, సలహా చెప్పింది బయటి పండితుడు, సంతకం పెట్టింది నవాబు గారి అధికారి.

ఈ నేపథ్యం ఎందుకు చెప్పానంటే, మంత్రివర్గం అనే గదిలోకి మనం 1950 తర్వాత కొత్తగా వచ్చినవాళ్ళం. మిగతా కులాలు జస్టిస్ పార్టీ కాలం నుంచి ఆ గది తలుపుల దగ్గర పోట్లాడుతున్నాయి. మనకి ఆ గది ఎక్కడుందో కూడా అప్పటికి తెలీదు.

2. రాజ్యాంగం ఏం రాసింది? ఏం రాయలేదు?

ఇక్కడ జాగ్రత్తగా చదవండి. చాలామందికి తెలియని విషయం ఇది.

164వ అధికరణం మంత్రుల నియామకం గురించి చెప్తుంది. ముఖ్యమంత్రిని గవర్నర్ నియమిస్తారు, మిగతా మంత్రుల్ని ముఖ్యమంత్రి సలహా మీద నియమిస్తారు. అదే అధికరణంలో ఇంకో వాక్యం ఉంది. బీహార్, మధ్యప్రదేశ్, ఒరిస్సా రాష్ట్రాల్లో గిరిజన సంక్షేమానికి ఒక మంత్రి తప్పనిసరిగా ఉండాలి అని. 2006లో 94వ సవరణ చేసి బీహార్‌ని తీసేసి ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్‌లని చేర్చారు. ఇప్పుడు ఆ జాబితాలో ఉన్నవి ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, మధ్యప్రదేశ్, ఒడిశా. నాలుగే.

మరి ఆంధ్రప్రదేశ్? లేదు. తెలంగాణ? లేదు.

ఐదో షెడ్యూల్ కింద షెడ్యూల్డ్ ప్రాంతాలు ఉన్న రాష్ట్రాలే మన రెండూ. గవర్నర్ ప్రత్యేక అధికారాలు ఉన్నాయి, గిరిజన సలహా మండలి ఉండాలి, రిజర్వుడు నియోజకవర్గాలు ఉన్నాయి. కానీ "గిరిజన సంక్షేమానికి మంత్రి ఉండి తీరాలి" అనే ఆ ఒక్క వాక్యం మాత్రం మనకి వర్తించదు. 2006లో సవరణ చేసినప్పుడు మనల్ని చేర్చలేదు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు కూడా ఎవరూ అడగలేదు.

ఇంకో మెలిక కూడా గమనించండి. ఆ నాలుగు రాష్ట్రాలకి సైతం రాజ్యాంగం చెప్పింది గిరిజన సంక్షేమ శాఖకి మంత్రి ఉండాలని మాత్రమే. ఆ మంత్రి గిరిజనుడై ఉండాలని అందులో లేదు. ఎస్సీ, బీసీ సంక్షేమం గానీ వేరే పని గానీ ఆయనకే అదనంగా ఇవ్వొచ్చని కూడా రాశారు. కాబట్టి మనం ఏదైనా డిమాండ్ పెట్టేటప్పుడు అక్షరం అక్షరం చూసుకుని పెట్టాలి.

2003లో 91వ సవరణ వచ్చింది. అంతకుముందు మంత్రుల సంఖ్యకి హద్దు లేదు. 1980లో అంజయ్య గారి జంబో మంత్రివర్గం అరవై దాటిందని మన పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. అంత పెద్ద మంత్రివర్గంతో పేరు మోసిన అంజయ్య గారు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలోనే, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో మన గోండు బిడ్డల మీద పోలీసు కాల్పులు జరిగాయి. ప్రభుత్వం లెక్కలో చనిపోయింది 13 మంది, మన ఊళ్ళ లెక్క దానికి చాలా ఎక్కువ. కుర్చీలు ఎన్ని వేసినా మన గొంతు వినపడుతుందన్న గ్యారంటీ లేదని ఆ రోజు చెప్తుంది.

91వ సవరణ తర్వాత ముఖ్యమంత్రితో కలిపి మొత్తం మంత్రులు శాసనసభ సభ్యుల్లో 15 శాతం దాటకూడదు. 119 మంది ఎమ్మెల్యేలున్న తెలంగాణలో అది 18 దగ్గర ఆగింది. 175 మంది ఉన్న ఏపీలో 26. ఇప్పుడు చిన్న లెక్క వేయండి. 2011 జనాభా ప్రకారం తెలంగాణలో ఎస్టీలు 9 శాతానికి పైగా, ఏపీలో సుమారు 5.5 శాతం. 18లో 9 శాతం అంటే ఒకటిన్నర దాటుతుంది. 26లో 5.5 శాతం కూడా దాదాపు ఒకటిన్నరే. రెండు చోట్లా ఒక కుర్చీ అనేది కనీసం. దానికి ఎవరికీ దండం పెట్టక్కర్లేదు.

3. ఉమ్మడి రాష్ట్రంలో మనవాళ్ళు

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఎన్నో మంత్రివర్గాలు వచ్చాయి, పోయాయి. గిరిజన మంత్రుల పేర్లు ఒక్క చోట రాసిపెట్టిన పుస్తకం మన లైబ్రరీల్లో దొరకడం కష్టం. గుర్తుంచుకోవాల్సిన కొన్ని పేర్లు చెప్తాను.

ఆసిఫాబాద్ నుంచి గెలిచిన కోట్నాక భీంరావు కాంగ్రెస్ ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. గోండు సమాజం నుంచి వచ్చిన మనిషి ఆయన. ములుగు నుంచి పోరిక జగన్ నాయక్ కాంగ్రెస్ తరఫున మంత్రి. అదే ములుగు నుంచి అజ్మీరా చందూలాల్ ఎన్టీఆర్ ప్రభుత్వంలో మంత్రి. బోథ్ నుంచి గోడం నగేష్ టీడీపీ ప్రభుత్వంలో మంత్రి. 1999లో పాడేరు నుంచి గెలిచిన మత్స్యరాస మణికుమారి చంద్రబాబు మంత్రివర్గంలో గిరిజన సంక్షేమం చూశారు. మన్యం ఆడబిడ్డ మంత్రి కుర్చీలో కూర్చోవడం అప్పట్లో పెద్ద వార్త. 2004లో వైఎస్ మంత్రివర్గంలో డోర్నకల్ ఎమ్మెల్యే రెడ్యానాయక్‌కి గిరిజన సంక్షేమం ఇచ్చారు. 2009 నుంచి రాష్ట్రం విడిపోయే దాకా పాడేరు ఎమ్మెల్యే పసుపులేటి బాలరాజు. వైఎస్, రోశయ్య, కిరణ్ కుమార్ రెడ్డి, ముగ్గురు ముఖ్యమంత్రుల కింద ఆయనే ఆ శాఖ చూశారు.

ఈ వరస చూస్తే రెండు విషయాలు తెలుస్తాయి. ఒకటి, పాడేరు, ములుగు లాంటి కొన్ని నియోజకవర్గాలకే మళ్ళీ మళ్ళీ అవకాశం వచ్చింది. రెండు, ఎవరు వచ్చినా ఎక్కువసార్లు దక్కింది గిరిజన సంక్షేమ శాఖే. హోం, రెవెన్యూ, ఆర్థికం, నీటిపారుదల లాంటి శాఖల మంత్రుల జాబితాలు తీసి మన ఇంటిపేర్లు వెతకండి. ఎంతసేపు వెతకాలో మీకే తెలుస్తుంది.

పక్కనే ఉన్న ఒడిశాలో హేమానంద బిస్వాల్, గిరిధర్ గమాంగ్ ముఖ్యమంత్రులయ్యారు. గమాంగ్ మన శ్రీకాకుళం సరిహద్దు సవరల మనిషి. 2024లో మోహన్ చరణ్ మాఝీ అక్కడ ముఖ్యమంత్రి అయ్యారు. తెలుగు రాష్ట్రాల్లో 1956 నుంచి ఇప్పటిదాకా ఒక్క గిరిజన ముఖ్యమంత్రి లేరు.

4. విడిపోయాక ఖాళీలు

ఇప్పుడు అసలు నొప్పి దగ్గరికి వద్దాం.

2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. కేసీఆర్‌తో పాటు 11 మంది ప్రమాణం చేశారు. అందులో ఎస్టీ ఒక్కరూ లేరు. డిసెంబర్ 16న విస్తరణలో చందూలాల్‌ని తీసుకున్నారు. ఆరు నెలలు ఖాళీ. 2018 డిసెంబర్‌లో రెండోసారి ప్రభుత్వం వచ్చింది. 2019 ఫిబ్రవరి 19న పది మందిని చేర్చుకున్నారు, మళ్ళీ ఎస్టీ లేరు. ఆడవాళ్ళూ లేరు. సెప్టెంబర్ 8న సత్యవతి రాథోడ్‌కి గిరిజన సంక్షేమం, స్త్రీ శిశు సంక్షేమం ఇచ్చారు. ఈసారి తొమ్మిది నెలలు ఖాళీ.

ఏపీలో ఇంకా పెద్ద ఖాళీ. 2014 జూన్ 8న చంద్రబాబు ప్రభుత్వం ఏర్పడింది. ఏడు ఎస్టీ స్థానాల్లో టీడీపీ గెలిచింది ఒక్క పోలవరమే. గిరిజన సంక్షేమాన్ని సాంఘిక సంక్షేమంతో కలిపి మొదట రావెల కిషోర్ బాబుకి, 2017లో నక్కా ఆనంద్ బాబుకి ఇచ్చారు. ఇద్దరూ దళిత నాయకులు. వాళ్ళతో మనకి ఏ గొడవా లేదు, మన కష్టం వాళ్ళకి కొంత తెలుసు కూడా. కానీ నాలుగేళ్ళ ఐదు నెలలు ఆ మంత్రివర్గంలో గిరిజనుడు ఒక్కరు కూడా లేరు. "మా పార్టీలో ఎవరూ గెలవలేదు" అనేది పూర్తి జవాబు కాదు. పోలవరంలో గెలిచిన ఎమ్మెల్యే ఉన్నారు. ఎమ్మెల్సీగా గుమ్మిడి సంధ్యారాణి ఉన్నారు. 2017 ఏప్రిల్ విస్తరణలో వేరే పార్టీ నుంచి వచ్చిన నలుగురికి పదవులు దొరికాయి. అంటే మనసుంటే దారి ఉంది.

ఈ ఖాళీ కాలంలో ఏం జరిగిందో చూడండి. 2014 మే, జూలై మధ్య పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లా ఏజెన్సీ మండలాలు కేంద్రం ఆర్డినెన్సుతో, తర్వాత చట్టంతో ఏపీలో కలిశాయి. కూనవరం, చింతూరు, వీఆర్ పురం, కుకునూరు, వేలేరుపాడు కోయ, కొండరెడ్డి ఊళ్ళన్నీ ఒక రాష్ట్రంలో పడుకుని ఇంకో రాష్ట్రంలో లేచాయి. జూలైలో పార్లమెంటు ఆ చట్టం చేసేనాటికి హైదరాబాద్ నుంచి పనిచేస్తున్న రెండు మంత్రివర్గాల్లో, అటు తెలంగాణలో గానీ ఇటు ఏపీలో గానీ, ఒక్క గిరిజన మంత్రి కూడా లేరు. నిర్ణయం ఢిల్లీదే, నిజమే. కానీ రెండు క్యాబినెట్ గదుల్లో మన తరఫున నోరు విప్పే మనిషి లేకుండా మన ఊళ్ళు చేతులు మారాయి.

2015 నవంబర్ 5న జీవో 97 వచ్చింది. విశాఖ మన్యంలో చింతపల్లి, జెర్రెల అడవిలో 1,212 హెక్టార్లు బాక్సైట్ తవ్వకానికి మళ్ళించే జీవో. అప్పుడూ మంత్రివర్గంలో గిరిజనుడు లేరు. మన్యం మొత్తం రోడ్డెక్కితే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 2019లో ప్రభుత్వం మారాక ఆ జీవో రద్దయింది.

5. ఆరు నెలల మంత్రి

ఈ చరిత్రలో అన్నింటికంటే బాధ కలిగించే పేజీ ఇది. 2018 సెప్టెంబర్ 23న డుంబ్రిగూడ మండలం లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావుని, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమని మావోయిస్టులు కాల్చి చంపారు. నవంబర్ 11న కిడారి కొడుకు శ్రావణ్ కుమార్‌ని మంత్రిని చేశారు. గిరిజన సంక్షేమం, ప్రాథమిక ఆరోగ్యం ఇచ్చారు. నాలుగున్నరేళ్ళకి దగ్గరగా ఖాళీగా ఉన్న కుర్చీ, ఒక తండ్రి శవం లేచాక నిండింది.

ఆయన అప్పటికి ఎమ్మెల్యే కాదు, ఎమ్మెల్సీ కూడా కాదు. 164(4) ప్రకారం సభ్యుడు కాని మంత్రి ఆరు నెలల్లోపు ఏదో ఒక సభకి ఎన్నిక కావాలి, లేకపోతే పదవి పోతుంది. ఆయన్ని ఎమ్మెల్సీ చేయలేదు. ఎన్నికల ఫలితాలు రాకముందే గడువు ముగిసింది. 2019 మే 9న రాజీనామా చేశారు. ఫలితాలు వచ్చింది మే 23న. ఎవరినీ నిందించడానికి ఈ సంగతి రాయట్లేదు. మన కుర్చీకి ఎంత బలం ఉందో కొలవాలంటే దీన్ని మించిన ఉదాహరణ లేదు.

2019లో జగన్ ప్రభుత్వం వచ్చింది. ఏడుకి ఏడు ఎస్టీ స్థానాలు ఆ పార్టీవే. కురుపాం ఎమ్మెల్యే పాముల పుష్పశ్రీవాణి గిరిజన సంక్షేమ మంత్రి, ఉప ముఖ్యమంత్రి. 2022 ఏప్రిల్‌లో ఆమె స్థానంలో సాలూరు ఎమ్మెల్యే పీడిక రాజన్నదొర, ఆయనా ఉప ముఖ్యమంత్రే. 2024లో అదే సాలూరులో రాజన్నదొర మీద గెలిచిన గుమ్మిడి సంధ్యారాణి ఇప్పుడు గిరిజన సంక్షేమం, స్త్రీ శిశు సంక్షేమం చూస్తున్నారు.

ఉప ముఖ్యమంత్రి అంటే మనకి గర్వంగానే ఉంటుంది. కానీ రాజ్యాంగంలో ఆ పదవి లేదు. 2019లో ఒకేసారి ఐదుగురు ఉప ముఖ్యమంత్రులు ఉన్నారు. పేరు పెద్దదైంది, చేతిలో శాఖ అదే.

తెలంగాణలో 2023 డిసెంబర్‌లో ములుగు నుంచి సీతక్క మంత్రి అయ్యారు. అడవి నుంచి లా చదువుకి, ఉస్మానియాలో గుత్తికోయల మీద పీహెచ్‌డీకి వచ్చిన మనిషి. ఆమెకి ఇచ్చింది పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి, స్త్రీ శిశు సంక్షేమం. గిరిజన సంక్షేమం మొదట ముఖ్యమంత్రి దగ్గర ఉండి, 2025 జూన్‌లో అడ్లూరి లక్ష్మణ్ కుమార్‌కి వెళ్ళింది. మనలో చాలామంది "మన శాఖ మనకి ఇవ్వలేదు" అని బాధపడ్డారు. ఆ బాధ న్యాయమే. అయినా ఇంకో వైపు కూడా చూద్దాం. పంచాయతీరాజ్ రాష్ట్రంలో ప్రతి ఊరినీ తాకే శాఖ. పైగా పెసా ఫైలు ఉండేది ఆ శాఖలోనే. గ్రామసభని గానీ పంచాయతీని గానీ అడగకుండా ఇసుక, భూసేకరణ నడవకూడదని చెప్పే చట్టం అమలు అక్కడ్నుంచే జరగాలి.

6. ఫైలు ఎక్కడుంటుంది?

ఇదే ఈ పోస్టుకి గుండెకాయ. 166(3) కింద గవర్నర్ పేరుతో చేసే బిజినెస్ రూల్స్ ప్రకారం ప్రతి పనీ ఏదో ఒక శాఖకి పంచుతారు. మన బతుకుని ఆ శాఖలుగా విడగొట్టి చూడండి.

ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్ళు, ఐటీడీఏలు, జీసీసీ, అటవీ హక్కుల పట్టాల పర్యవేక్షణ గిరిజన సంక్షేమ శాఖవి. పోడు చేస్తుంటే ట్రెంచి కొట్టేది, కేసు పెట్టేది అటవీ శాఖ. గ్రానైట్, బాక్సైట్, లేటరైట్ లీజులు గనుల శాఖ. భూమి రికార్డులు రెవెన్యూ. మా పోరగాళ్ళని స్టేషన్‌కి పిలిచేది హోం. డోలీ మోయాల్సిన చోట రోడ్డు వేయాల్సింది పంచాయతీరాజ్ లేదా రోడ్లు భవనాలు. ముంపు ఊళ్ళ డ్యాం ఫైలు నీటిపారుదల. డబ్బు ఆర్థిక శాఖ.

అంటే మన తిండీ చదువూ మన మంత్రి దగ్గర. మన భూమీ, అడవీ, ఖనిజమూ వేరే మంత్రుల దగ్గర. జీవో 97 ఇచ్చింది కూడా అటవీ శాఖే, గిరిజన సంక్షేమ శాఖ కాదు. గిరిజన సంక్షేమ మంత్రి మంచివాడైనా, గట్టివాడైనా, ఆ ఫైలు ఆయన టేబుల్ మీదకి రాకుండానే సంతకం అయిపోవచ్చు.

కాబట్టి చరిత్రలో మనకి పనికొచ్చిన నిర్ణయాలు ఎలా వచ్చాయో చూస్తే కొంత దారి కనపడుతుంది.

1/70 చట్టం: 1959 భూ బదలాయింపు రెగ్యులేషన్‌ని 1963లో తెలంగాణకి విస్తరించారు. 1970లో దానికి పళ్ళు పెట్టారు. ఏజెన్సీలో గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి కూడా భూమి అమ్మకూడదని అప్పుడే వచ్చింది. అప్పుడు ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానంద రెడ్డి. అంతకు మూడేళ్ళ ముందు, 1967 అక్టోబర్ 31న లేవిడిలో కోరన్న, మంగన్నలని కాల్చి చంపారు. శ్రీకాకుళం కొండలు అంటుకున్నాయి. ఆ మంటే ప్రభుత్వం చేత ఆ సంతకం పెట్టించింది. 1988లో సుప్రీంకోర్టు 1/70 చెల్లుతుందని చెప్పింది.

సమతా తీర్పు: బొర్రా ప్రాంతంలో ప్రభుత్వం ఇచ్చిన గనుల లీజుల మీద ఒక సంస్థ కోర్టుకి వెళ్తే, 1997లో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతరులకి లీజు ఇవ్వకూడదంది. ఇక్కడ మనల్ని కాపాడింది మంత్రివర్గం కాదు, మంత్రివర్గం మీద వేసిన కేసు.

జీవో 3: 2000 జనవరి 10న, మణికుమారి గారు మంత్రిగా ఉన్న కాలంలో, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులు వంద శాతం స్థానిక గిరిజనులకే అని వచ్చింది. మన ఇళ్ళల్లో ఎంతమంది అన్నలు, అక్కలు దానితో టీచర్లయ్యారో మీకే తెలుసు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

సబ్ ప్లాన్ చట్టం: 2013లో. బాలరాజు మంత్రివర్గంలో ఉన్నారు, బయట దళిత గిరిజన సంఘాలు ఏళ్ళ తరబడి పోరాడాయి. లోపల కుర్చీ, బయట ఒత్తిడి రెండూ కలిసిన అరుదైన సందర్భం అది.

2012లో అప్పటి కేంద్ర గిరిజన మంత్రి, అరకు ఎంపీ కిశోర్ చంద్రదేవ్ బాక్సైట్ ఒప్పందాలు రద్దు చేయమని, ఐదో షెడ్యూల్ అధికారం వాడమని గవర్నర్‌కి ఉత్తరం రాశారు. సొంత పార్టీ ప్రభుత్వమే రాష్ట్రంలో ఉన్నా రాశారు. మంత్రి అంటే రిబ్బన్ కత్తిరించే మనిషే కానక్కర్లేదు, కాగితం మీద "వద్దు" అని రాసే మనిషి కూడా కావచ్చు.

7. మనం అడగాల్సినవి

ఒకటి. 164వ అధికరణంలోని ఆ నాలుగు రాష్ట్రాల జాబితాలో ఏపీ, తెలంగాణ చేరాలి. దానికి రాజ్యాంగ సవరణ కావాలి, పార్లమెంటులో అడగాల్సింది మన ఎస్టీ ఎంపీలు. ఓట్ల కోసం వచ్చినప్పుడు ఈ ప్రశ్న వేయండి. చాలామందికి ఇలాంటి వాక్యం ఉందనే తెలియకపోవచ్చు. అప్పుడు మీరే చెప్పండి.

రెండు. గిరిజన సలహా మండలి. ఐదో షెడ్యూల్ ప్రకారం ఇరవై మందికి మించకుండా, అందులో సాధ్యమైనంతవరకు మూడొంతుల పావు, అంటే నాలుగింట మూడు వంతులు, ఎస్టీ ఎమ్మెల్యేలే ఉండాలి. పార్టీ ఏదైనా సరే. ప్రతిపక్ష ఎస్టీ ఎమ్మెల్యే కూడా అక్కడ కూర్చోవచ్చు. మంత్రివర్గంలో మనవాళ్ళు లేని రోజుల్లో కూడా ఉండే కుర్చీలు అవి. మండలి వేశారా, ఎన్నిసార్లు కూర్చుంది, ఏ తీర్మానం చేసింది అని సమాచార హక్కు కింద అడగండి. ఒక దరఖాస్తుకి అయ్యే ఖర్చు టీ, సమోసా కంటే తక్కువ.

మూడు. షెడ్యూల్డ్ ప్రాంతాన్ని తాకే ఏ ఫైలైనా, అది అటవీ శాఖదైనా గనుల శాఖదైనా, గిరిజన సంక్షేమ శాఖ అభిప్రాయం తీసుకోకుండా క్యాబినెట్‌కి వెళ్ళకూడదని బిజినెస్ రూల్స్‌లో రాయించాలి. దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. రాష్ట్ర ప్రభుత్వం తలుచుకుంటే సరిపోతుంది.

నాలుగు. మన ఎమ్మెల్యేలకి రెవెన్యూ, అటవీ, గనులు లాంటి శాఖలు కూడా అడగాలి. ఎప్పటికీ హాస్టల్ దుప్పట్ల దగ్గరే మనల్ని ఆపేస్తే ఊరుకోకూడదు. గోండు, కోయ, లంబాడా, సవర, బగత, కొండదొర, యానాది, ఎరుకల, ఎవరి తెగకి పదవి వచ్చింది అని మనలో మనం కొట్టుకునేటప్పుడు ఒక్క క్షణం ఆగి ఈ నాలుగో మాట గుర్తుతెచ్చుకోండి. ఒక్క కుర్చీ కోసం పది తెగలు పోట్లాడుకుంటే నవ్వేది కుర్చీలు పంచేవాళ్ళే.

మీ నియోజకవర్గం నుంచి ఎప్పుడైనా ఎవరైనా మంత్రి అయి ఉంటే, ఆ కాలంలో మీ ఊరికి ఏం వచ్చిందో, ఏం పోయిందో తాతలని, అవ్వలని అడిగి ఇక్కడ రాయండి. బడి వచ్చిందా, రోడ్డు వచ్చిందా, పట్టా వచ్చిందా, లేదా కేసే వచ్చిందా. పేర్లు, సంవత్సరాలు సరిచూసుకుని రాయండి. మన మంత్రుల చరిత్ర ఎవరో వచ్చి రాసిపెడతారని కూర్చుంటే ఇంకో అరవై ఏళ్ళు పడుతుంది. ఈసారి ప్రమాణ స్వీకారం టీవీలో వస్తున్నప్పుడు "మనోళ్ళకి వచ్చిందా" అని అడగండి. వెంటనే రెండో ప్రశ్న కూడా వేయండి. "ఏ ఫైలు వచ్చింది?"

జోహార్ అమరవీరులకు. జల్, జంగల్, జమీన్ మనవే.